ఇంట్లో ఆవుందా?

గెడ్డవలసలో నన్నెవరూ పేరుపెట్టి పిలవరు.
సూదిపిల్ల అంటారు.
స్కూటీ వెనకాల ఐసుడబ్బా,
అందులో పెయ్యదూడల కోసం చల్లగా కూర్చున్న మందు.

ఆ పొద్దు అసిరమ్మ బొల్లావు
ఏడో నెలలో ఈసుకుపోయింది.
నేను వెళ్లేసరికి
అసిరమ్మ చెయ్యి మోచేతి దాకా ఆవులోనే ఉంది.
గ్లవ్సులు తీసిచ్చాను.
చూసి నవ్వింది.
"ఈ సేతుల్తో ఎన్ని దూడల్ని నాగినానో నెక్క నేదు పాపా.
నా ఆవుని ముట్టుకోడానికి నాకు తొడుగేటి?"

గడ్డి మీద దూడ.
నూగు కూడా సరిగ్గా రాని తోలు,
తెరుచుకోని కళ్లు.
మావిని ఎండుగడ్డిలో చుట్టి
జువ్వికొమ్మకి కట్టడానికి బయల్దేరాడు ఆమె మొగుడు,
అలా కడితే పాలు దిగుతాయని.
కొమ్మ కింద రెండు కుక్కలు
అప్పటికే తలలెత్తి నిలబడ్డాయి.

ఆ రోజు నేను గట్టిగా అరవలేదు.
పెద్దదాంతో ఏం వాదిస్తాంలే అనుకున్నాను.
ఆ బాకీ నా ఖాతాలో ఇప్పటికీ ఉంది.

తర్వాత జ్వరం.
పొద్దున్న ఉండదు.
దీపాలవేళకి వచ్చి
అప్పిచ్చినవాడిలా గడపలో కూచుంటుంది.
తెల్లారి చీర పిండితే చెమట,
తడిసిన గడ్డివాసన.
పిడక కొట్టడానికి వంగితే
మళ్లీ లేవడానికి గోడ కావాలి.
రాజాంలో టైఫాయిడ్ అన్నారు.
చీపురుపల్లిలో మలేరియా అయుంటుందన్నారు.
ఇంటి దగ్గర దిష్టి అన్నారు, కోడిని తిప్పి గెడ్డలో వదిలారు.
నాలుగు నెలలు.
ముందు ఒక కమ్మ పోయింది, తర్వాత రెండోది.
చివరికి శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
మీసం ఇంకా కుదురుకోని డాక్టరొకడు
చీటీ రాయడం ఆపి అడిగాడట:
"ఇంట్లో ఆవుందా?"

అంతే. అంత చిన్న మాట.
దాన్ని అడగడానికి నాలుగు నెలలు పట్టింది మనకి.
నేను మాత్రం?
మూడేళ్లు కొట్టాలన్నీ తిరిగాను,
ఈసుకుపోయిన ఆవుల్ని వరసపెట్టి రాసుకున్నాను,
"ఇంట్లో ఎవరికైనా జొరమా?" అని
ఒక్క గుమ్మంలోనూ అడగలేదు.
వాళ్ల గాటికీ మంచానికీ మధ్య
తడిక ఒక్కటే అడ్డం.
రోగానికి ఆ తడికా లేదు.
మాకే ఉన్నాయి రెండు ఆఫీసులు, రెండు రిజిస్టర్లు,
ఒకదాన్నించి ఇంకోదానికి వెళ్లాలంటే బస్సు మారాలి.

ఆరు వారాల మాత్రలు.
మూడోనాడే ఫోను:
"ఒంటేలు ఎర్రగా ఒస్తన్నాది, సచ్చిపోతానేటే?"
మందు రంగే అమ్మా అది, ఆపొద్దు అన్నాను.
ఆపలేదు.

ఇప్పుడు నా డబ్బా పక్కన సున్నం మూట.
మావి పడితే నడుంలోతు గొయ్యి.
తవ్వేది అసిరమ్మ మొగుడే,
కుక్కల్ని తోలేది కూడా.
బొల్లావు వేరే పాకలో కట్టేసి ఉంది.
అమ్మమంటే అమ్మదు,
ఇంకొకరి గాటికి ఈ రోగాన్ని ఎలా అమ్ముతానంటుంది.
దానికేం చెప్పాలో
నా రిజిస్టర్లో గడి లేదు.

పోయిన బేస్తవారం ఆరునెలల పెయ్యకి టీకా.
అసిరమ్మ గ్లవ్సులేసుకుని వచ్చింది,
గాజులు వాటి పైన తొడుక్కుని.
పెయ్య కాలు జాడించింది.
సూది పక్కకి జారి
నా బొటనవేలిని గీరింది.
ఈ సీసాలోదీ బతికున్న పురుగే,
నీరసపడిన పురుగు, అయినా పురుగే.
నేను నిలబడిపోయాను.
ఆమె మాత్రం చెంబుతో నీళ్లు పోస్తూ
సబ్బు అరిగేదాకా నా చెయ్యి తోమింది.
"పట్నం ఎల్లి సూపించుకో.
డాక్టరు అడక్కపోతే నువ్వే సెప్పు,
ఆవుల దగ్గిర పని సేస్తానని."

వెళ్లాను. చెప్పాను.
ఆ తర్వాత ఇరవై రోజులు
దీపాలవేళకి నా ఫోను మోగేది.
హలో ఉండదు, పేరుండదు.
"ఒళ్లెలాగున్నాది?"